రక్షణానందం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడేవారికి చాలా ఏళ్లుగా శనివారం సాయంత్రాలు పాఠం చెబుతున్నాను. పాపం, సిలువ, పునరుత్థానం గురించి సందేహాలు వస్తే తరగతిలోనే చెయ్యెత్తి అడుగుతారు. సంతోషం గురించిన సందేహం మాత్రం అందరూ వెళ్లాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, అందరూ ఆనందం ఆనందం అంటున్నారు. నాకు మాత్రం ఎందుకు అలా లేదు?" అలా గుమ్మం దగ్గర విన్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వచనాలు మన ఇళ్లలో తరతరాలుగా చదువుతున్న పాత తెలుగు అనువాదం నుంచి ఇచ్చాను.

"రక్షణానందం" అనే మాట ఎక్కడిది?

51వ కీర్తన, 12వ వచనం. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని దావీదు వేడుకుంటాడు. బత్షెబ విషయంలో పాపం చేసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి ముఖం మీదే ఆ సంగతి చెప్పిన తరువాత చేసిన ప్రార్థన ఇది. సింహాసనం అలాగే ఉంది, నగరు అలాగే ఉంది, సైన్యం అలాగే ఉంది. ఆనందం ఒక్కటే లేదు. దాన్నే అడుగుతున్నాడు.

ఆ వచనంలో మొదటి అక్షరం దగ్గర ఆగండి: "నీ". దావీదు తన ఆనందాన్ని తిరిగి ఇమ్మనడం లేదు. దేవుని రక్షణలో ఉన్న ఆనందాన్ని తనలో పుట్టించమంటున్నాడు. మూలం దేవుని దగ్గర ఉంది, దావీదు దగ్గరకు రావలసింది ఊట మాత్రమే. కింది జవాబులన్నీ ఈ ఒక్క అక్షరం చుట్టూనే తిరుగుతాయి.

సంతోషం లోకసంబంధమైనది, ఆనందం దైవసంబంధమైనది అని ప్రసంగాల్లో విన్నాం. ఆ తేడా నిజమేనా?

మంచి ఉద్దేశంతో చెప్పే మాటే, కానీ వాక్యంలో ఆ తేడా కనిపించదు. ఇంగ్లీషులో రెండు మాటల పోలిక మీద కట్టిన బోధ అది, అనువాదంతో పాటు మన వేదికల మీదికి వచ్చేసింది. పౌలు ఫిలిప్పీయులకు "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని రాశాడు. థెస్సలొనీకయులకు "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి" అని రాశాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియ, "ఖైరెతె". మన అనువాదకులు ఒకచోట ఆనందం అన్నారు, ఇంకోచోట సంతోషం అన్నారు, అంతే.

తెలుసుకోదగిన సంగతి ఇంకొకటి ఉంది. గ్రీకులో సంతోషాన్ని "ఖరా" అంటారు, కృపను "ఖారిస్" అంటారు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. నేను సంపాదించుకోనిది నాకు దక్కితే అది కృప. అది దక్కిందని తెలిసిన క్షణంలో గుండెలో కదిలేది సంతోషం. అందుకే కూలి చేతికి అందినవాడి తృప్తికీ, అప్పు మాఫీ అయినవాడి సంతోషానికీ పోలిక ఉండదు. కూలి అందినవాడు డబ్బు లెక్కపెట్టుకుంటాడు. అప్పు మాఫీ అయినవాడు ఆ సంగతి చెప్పడానికి ఇంటికి పరుగెత్తుతాడు.

ఇంతకీ ఈ సంతోషం ఎవరిది? రక్షణ పొందిన మనిషిదా, దేవునిదా?

నన్ను ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమంటే ఈ ప్రశ్ననే ఎంచుకుంటాను.

లూకా 15వ అధ్యాయం తీయండి. తప్పిపోయిన గొర్రె, పోయిన వెండి నాణెం, ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు. వందలో ఒకటి, పదిలో ఒకటి, ఇద్దరిలో ఒకడు. మూడు కథల్లోనూ ముందుగా ఎవరి ముఖం వెలిగిందో చూడండి. కాపరి గొర్రెను భుజాల మీద వేసుకుని సంతోషంతో ఇంటికి వస్తాడు. ఆ స్త్రీ చెలికత్తెలను, పొరుగువారిని పిలుస్తుంది. తండ్రి దూరం నుంచే కొడుకును చూసి పరుగెత్తుతాడు. గొర్రె సంతోషించిందని ఎక్కడా రాసి లేదు. నాణెం సంగతి చెప్పనే అక్కర్లేదు, అది లోహం. చిన్న కొడుకు కూడా ఆ క్షణంలో కంఠస్థం చేసుకొచ్చిన క్షమాపణ అప్పజెప్పే పనిలో ఉన్నాడు.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ చెవి కమ్మ ఒకటి పోయింది. మట్టి ఇల్లు, పేడతో అలికిన నేల, మధ్యలో ఒక చిన్న కిటికీ. సాయంత్రం మొదలుపెట్టి దీపం పెట్టే వేళ దాటినా వెతుకుతూనే ఉంది. మంచం జరిపింది, ధాన్యం బస్తాలు జరిపింది. చీపురుతో ఊడ్చిన ధూళిని చేటలోకి ఎత్తి, కిరోసిన్ దీపం దగ్గర కూర్చుని వేళ్లతో జల్లెడ పట్టినట్టు చూసింది. చివరికి రోలు పక్కన నేల బీటలో తళుక్కుమంది. ఆమె దాన్ని గోటితో పైకి తీసి, చెంగుతో తుడిచి, పెట్టుకోవడం కూడా మరచిపోయి గోడ దగ్గరకు వెళ్లి పక్కింటివాళ్లను కేకేసింది. నలుగురు ఆడవాళ్లు వచ్చారు. అందరికీ బెల్లం ముక్కలు పెట్టింది. ఒక కంట నీళ్లు, ముఖమంతా నవ్వు. పిల్లలం మాకు కూడా బెల్లం దొరికింది కాబట్టి మేమూ గంతులు వేశాం.

ఆ బీటలో ఉన్నంతసేపు ఆ కమ్మకు తాను పోయినట్టు తెలియదు. దొరికాక కూడా దానికి తెలియదు. కానీ ఆ రాత్రి ఆ ఇంట్లో సంతోషం నిజం. ఆ సంతోషానికి కారణం కమ్మే, ఆ సంతోషం మాత్రం వెతికిన మనిషిది. "మారుమనస్సు పొందు ఒక్క పాపి విషయమై" పరలోకంలో సంతోషం కలుగుతుందని ప్రభువు చెప్పినప్పుడు నాకు ఆ చేట, ఆ దీపం కళ్లముందు కనిపిస్తాయి. సువార్త అంటే ముందుగా దేవుడు సంతోషించాడన్న వార్త. "ఆయన బహు ఆనందముతో నీయందు సంతోషించును" అని జెఫన్యా 3:17 చెబుతుంది. మన సంతోషం ఆ తరువాత మొదలవుతుంది, గోడ అవతలి నుంచి కేక విని వచ్చి బెల్లం ముక్క అందుకున్నవాళ్ల సంతోషంలాగా.

పాపం ఒప్పుకోవడం దుఃఖం కదా? దుఃఖంతో మొదలైనది ఆనందం ఎలా అవుతుంది?

దుఃఖం లేకుండా మారుమనస్సు లేదు. "నీవు విరిచిన యెముకలు హర్షించును" అని అదే 51వ కీర్తనలో ఉంది. ఎముక విరిగినవాడికి నొప్పి ఎలాంటిదో తెలుసు. సరిగా అతికించడానికి వైద్యుడు లాగినప్పుడు ఆ నొప్పి ఇంకా పెరుగుతుంది. దావీదు ఆ రెండు నొప్పులూ ఎరిగినవాడు.

అయితే ఎప్పుడూ దుఃఖమే ముందు వస్తుందని నియమం పెట్టవద్దు. జక్కయ్యను చూడండి. యెరికోలో సుంకపు గుత్తదారుడు, పొట్టివాడు, మేడి చెట్టెక్కి కూర్చున్నాడు. ప్రభువు తల పైకెత్తి పేరు పెట్టి పిలిచాడు, "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. అతడు త్వరగా దిగి "సంతోషముతో ఆయనను చేర్చుకొనెను". అప్పటికి ఒక్క పాపం కూడా ఒప్పుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననడం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తాననడం, అన్నీ సంతోషం ఇంట్లో అడుగుపెట్టాకే జరిగాయి. బెదిరిస్తే జక్కయ్య డబ్బు దాచుకునేవాడేమో. ఆయన ఇంటికి వస్తాననగానే పెట్టె తానే తెరిచాడు.

బాప్తిస్మం తీసుకున్నాను. నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. నా రక్షణ నిజమైనదేనా?

గుమ్మం దగ్గర అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. ఇద్దరు మనుషుల సంగతి చెబుతాను.

ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు పాస్కల్‌కు 1654 నవంబర్ 23 రాత్రి దేవుని సన్నిధి నిప్పులా తాకింది. సుమారు పదిన్నర నుంచి అర్ధరాత్రి దాటి అరగంట వరకు. ఆనందం, ఆనందం, ఆనందబాష్పాలు అని ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని తన కోటు లోపల కుట్టుకున్నాడు. 1662లో అతడు చనిపోయాకే ఆ కాగితం బయటపడింది.

రెండో మనిషి జాన్ వెస్లీ, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండ్ బోధకుడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠికను ఎవరో చదువుతుండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని దినచర్యలో రాసుకున్నాడు. ఈ మాట చాలామందికి తెలుసు. దాని తరువాత రాసినది చదివేవాళ్లు తక్కువ. కాసేపటికే శత్రువు అతని చెవిలో వేసిన ప్రశ్న: ఇది విశ్వాసం ఎలా అవుతుంది, నీ ఆనందం ఏది? అప్పుడు వెస్లీకి అర్థమైంది ఏమిటంటే, సమాధానమూ పాపం మీద జయమూ విశ్వాసానికి తప్పనిసరి. ఉప్పొంగే ఆనందాన్ని మాత్రం దేవుడు తన ఇష్టప్రకారం కొన్నిసార్లు ఇస్తాడు, కొన్నిసార్లు ఆపుతాడు.

వాళ్లిద్దరిలో ఎవరి రక్షణ గట్టిది అని తూకం వేయడానికి మన దగ్గర త్రాసు లేదు. ప్రభువు తన శిష్యులకు ఒక ఆధారం చూపించాడు. డెబ్బైమంది సేవ నుంచి తిరిగి వచ్చి దయ్యాలు కూడా లోబడుతున్నాయని ఉప్పొంగిపోతుంటే, "మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషించుడి" అన్నాడు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కిన రైతు జ్వరంతో మంచం పట్టిన రోజు కూడా ఆ పొలం అతనిదే. పొలం గుర్తుకు రాని రోజు కూడా అతనిదే. నీ పేరు రాసిన చెయ్యి నీ మనసు వేడిని చూసి రాయలేదమ్మా, అని గుమ్మం దగ్గర ఇలా అడిగే పిల్లలకు చెబుతుంటాను.

కూడికల్లో పాటలు పాడుతుంటే వచ్చే ఉత్సాహమే ఆ ఆనందమా?

కావచ్చు, కాకపోవచ్చు. తబలా, చప్పట్లు, తెల్లవారేదాకా పాటలు, ఇవన్నీ నాకు ప్రాణం. కీర్తనల గ్రంథమే చప్పట్లు కొట్టమంటుంది. కాకపోతే విత్తువాని ఉపమానంలో రాతినేల కూడా వాక్యాన్ని "సంతోషముతో" అంగీకరించింది, ఎండ రాగానే వాడిపోయింది. అదే మత్తయి 13లో ఇంకొకడికి పొలంలో దాచిన ధనం దొరికింది. అతడు ఆ సంతోషంతో వెళ్లి ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడు. రెండు చోట్లా మాట ఒకటే. పండగ మర్నాడు ఎవరి చేతులు ఏమి చేస్తున్నాయో చూస్తే తేడా తెలుస్తుంది.

రక్షణ పొందితే కష్టాలు పోతాయి, అప్పులు తీరతాయి, అదే ఆనందం అని కొందరు బోధిస్తారు. అది సరైనదేనా?

సరికాదు. ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను. కానుక వేస్తే రెట్టింపు వస్తుందని నమ్మి, కూతురి ఫీజుకు దాచిన డబ్బు కవరులో పెట్టి ఇచ్చిన ఒక తల్లిని నాకు తెలుసు. డబ్బు తిరిగి రాలేదు. ఆమెను నిజంగా కుంగదీసింది ఆ నష్టం కాదు, "నా విశ్వాసం తక్కువైంది కాబట్టే రాలేదు" అన్న ఆలోచన.

"ఆనందించుడి" అని పదేపదే రాసిన పౌలు ఫిలిప్పీ పత్రికను సంకెళ్లలో ఉండి రాశాడు. ఆ సంఘం మొదలైన ఊళ్లోనే ఒకప్పుడు అతనినీ సీలనూ బెత్తాలతో కొట్టి, లోపలి చెరసాలలో వేసి, కాళ్లకు బొండ వేసి బిగించారు. బొండ అంటే కాళ్లు కదలకుండా పట్టి ఉంచే కొయ్య. వీపు మీద గాయాలు ఉన్నవాడికి పడుకోవడానికీ వీలు లేదు, సరిగా కూర్చోవడానికీ వీలు లేదు. మధ్యరాత్రి వాళ్లు కీర్తనలు పాడుతుంటే ఖైదీలు విన్నారు. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాక, ప్రాణం తీసుకోబోయిన జైలు అధికారిని పౌలు కేక వేసి ఆపాడు. ఆ రాత్రే ఆ అధికారి వాళ్ల గాయాలు కడిగాడు, బాప్తిస్మం పొందాడు, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు, ఇంటివారందరితో కలిసి ఆనందించాడు. వాళ్లు ఆ రాత్రి పాడింది కష్టం తీరాక కాదు, బొండ కాళ్లకు ఉండగానే.

హబక్కూకు 3వ అధ్యాయం వ్యవసాయ కుటుంబాలవాళ్లు ఒకసారి గట్టిగా చదవాలి. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవకు కాపు లేదు, చేనిలో పైరు పంటకు రాలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. అన్నీ లెక్కపెట్టి చెప్పాక, "నా రక్షణకర్తయైన నా దేవునియందు నేను సంతోషించెదను" అంటాడు. దానికి ముందు వచనంలో అతని పెదవులు వణికాయి, కాళ్లు వణికాయి. ఆ వణుకును దాచుకోకుండానే ఈ మాట అన్నాడు. నష్టాన్ని నష్టమనే అన్నాడు.

ఇంట్లో మనిషి చనిపోతే ఏడవకూడదా? ఏడిస్తే సాక్ష్యం పోతుందంటారు.

మా వీధిలో ఒక అక్క కొడుకు బండి ప్రమాదంలో చనిపోయాడు. ఆదరణ కూడిక రోజు ఆమె గోడకు ఆనుకుని, వాడి చొక్కా మడత విప్పి మళ్లీ మడత పెడుతూ కూర్చుంది. కాలరు మీద ఇంకా పౌడరు మరక ఉంది. ఎవరో వచ్చి "వాడు ప్రభువు దగ్గర ఉన్నాడు, నువ్వు ఆనందించాలి, ఏడవకూడదు" అన్నారు. ఆమె తలూపింది. ఆ తరువాత నెలలపాటు ఆమె ఎవరిముందూ ఏడవలేదు, పాట కూడా పాడలేదు. ఏడుపుతో పాటు పాట కూడా ఆగిపోయింది.

చనిపోయిన తన స్నేహితుడు లాజరును బతికించబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గరకు వెళుతూ "యేసు కన్నీళ్లు విడిచెను". కొద్దిసేపట్లో రాబోతున్న సంతోషం కూడా ఆయన కన్నీటిని ఆపలేదు. పౌలు కూడా దుఃఖపడవద్దని అనలేదు, నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దన్నాడు. రోమా 12లో "ఏడ్చువారితో ఏడువుడి" అని ఆజ్ఞే ఉంది.

ప్రభువు తన మరణానికి ముందు రాత్రి శిష్యులకు చెప్పిన పోలిక ప్రసవం. నొప్పి పడుతున్న స్త్రీకి వేదన నిజం. బిడ్డ పుట్టాక ఆ వేదన జ్ఞాపకం ఉండదని చెప్పి, మీ సంతోషాన్ని ఎవరూ మీ దగ్గర నుంచి తీసివేయరని అన్నాడు. కాన్పు గది బయట నిలబడి లోపల అరుస్తున్న ఆమెను "ఎందుకు నవ్వడం లేదు" అని అడిగే ఆడమనిషి ఉంటుందా?

నెలల తరబడి మనసు చీకటిగానే ఉంది. ప్రార్థన చేసినా మారడం లేదు. ఏం చేయాలి?

వైద్యుణ్ణి కలవండి. కుంగుబాటు జబ్బు, దానికి మందులూ చికిత్సా ఉన్నాయి. షుగరు మందు వేసుకోవడం అవిశ్వాసం కానట్టే ఇదీ కాదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి.

యేసు ఆనందించాడని ఎక్కడైనా ఉందా?

లూకా 10:21లో ఉంది: "పరిశుద్ధాత్మయందు బహుగా ఆనందించి". జ్ఞానులకు మరుగైన సంగతులు పసిబాలురకు తెలిశాయని ఆయన తండ్రిని స్తుతించిన సందర్భం అది. మరొకటి హెబ్రీ 12:2. "తనయెదుట ఉంచబడిన ఆనందముకొరకై" సిలువను సహించాడు. ఏమిటా ఆనందం అని తరగతిలో అడిగితే మహిమ, సింహాసనం అంటారు. అవును. నాకైతే ఆ మాట చదివినప్పుడల్లా గొర్రెను భుజాల మీద మోసుకుంటూ ఇంటి దారి పట్టిన ఆ కాపరి కూడా కనిపిస్తాడు.

ఉపనిషత్తుల్లో కూడా ఆనందం ఉంది కదా. రెండూ ఒకటేనా?

మన భాషలోని "ఆనందం" అనే మాటకు ఆ లోతు ఇచ్చినవాటిలో ఉపనిషత్తులు ముందుంటాయి, ఆ ఋణం ఒప్పుకోవాలి. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో వరుణుని కుమారుడు భృగువు తపస్సు చేసి, అన్నం, ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి, చివరికి ఆనందమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. క్రైస్తవ విశ్వాసి అయిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ 1898లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని "సచ్చిదానందం" అని స్తుతిస్తూ సంస్కృతంలో స్తోత్రం రాశాడు. దేవుడు ఆనందస్వరూపుడన్న చోట చేతులు కలుస్తాయి.

నడక దిక్కులో తేడా ఉంది. భృగువు వెతికాడు, ఒక్కో మెట్టూ ఎక్కి తెలుసుకున్నాడు. లూకా సువార్తలో వెతికేవాడు దేవుడు, దొరికేవాడు మనిషి. అందుకే క్రైస్తవునికి ఆనందం తన లోపలి నిజస్వరూపాన్ని కనుగొనడం కంటే, తనను కనుగొన్నవాని ముఖం చూడడం. ఈ తేడాను ఎదుటివారి శ్రద్ధను తక్కువ చేయకుండా చెప్పడం మనకు రావాలి.

మన తెలుగు నేల మీద ఈ సంతోషం ఎలాంటి మనుషులకు అందింది?

ఒంగోలు కథ చెప్పుకోవాలి. ఎర్రగుంట్ల పేరయ్య, అతని భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. తోలు పని చేసే మాదిగ కులంవాళ్లు. పేరయ్య ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్పాడు. తరువాత 1876-78 మహా కరువు వచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. పగలు మట్టి తవ్వే మనుషుల మధ్య తెలుగు బోధకులు కూర్చుని, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అన్న మాట వినిపించేవారు. తట్ట మోసేవాడికి ఆ వచనంలో వివరించవలసింది ఏముంటుంది?

తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పని, సహాయం ముగిశాక జనం వచ్చి నిలబడ్డారు. మాకు డబ్బు అక్కర్లేదు, మా చేతుల మీది బొబ్బలే మేము కష్టపడ్డామనడానికి సాక్ష్యం, వచ్చే పంట పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం అన్నారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

చెరువు దగ్గర నీళ్లు ముట్టుకోనివ్వని రోజుల్లో, నడుము లోతు నీళ్లలో ఒక మనిషి చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, దేవుని బిడ్డవని చెప్పారు. "రక్షణాధారములైన బావులలోనుండి నీళ్లు చేదుకొందురు" అని యెషయా 12:3లో ఉంది, దానికి ముందు "ఆనందపడి" అనే మాట ఉంది. ఊరి బావి మీద చెయ్యి వేయనివ్వని మనుషులు ఆ వచనాన్ని ఎలా చదివి ఉంటారో తలచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది. పరలోకపు సంతోషాన్నీ ఈ లోకపు గౌరవాన్నీ వాళ్లు విడదీసి చూడలేదు. మనం ఎందుకు విడదీయాలి?

చుట్టూ ఇంత బాధ ఉండగా నేను రక్షణ పొందానని సంతోషించడం స్వార్థం కాదా?

నెహెమ్యా 8వ అధ్యాయంలో "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు" అన్న వాక్యం ఉంది. మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద అది చాలాసార్లు కనిపిస్తుంది. అదే వచనంలో మొదటి సగం క్యాలెండర్ మీద ఉండదు: మంచి భోజనం చేయండి, తమకోసం ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు పంపండి. ఆనందించమన్న నోటితోనే వంతు పంపమన్నారు. క్రిస్మస్ రోజు మన ఇళ్లనుంచి గిన్నెలు మూతలు పెట్టుకుని వీధి వీధి తిరుగుతాయి చూడండి, అది ఆ వచనమే. ఏమీ వండుకోలేని ఇంటికి ముందుగా వెళ్లాలి, అంతే.

ఒకప్పుడు ఉన్న ఆనందం పోయింది. తిరిగి వస్తుందా?

దావీదు "మరల" అని అడిగాడు, కాబట్టి అడగవచ్చు. ఎవరికైనా బాకీ ఉంటే తీర్చండి, అన్నదమ్ములతో మాటలు లేకపోతే ముందుగా మీరే ఫోను చేయండి. ఒంటరిగా వెతకవద్దు. పోయిన పాట చాలాసార్లు పక్కవాళ్ల గొంతులో దొరుకుతుంది. పైన చెప్పిన ఆ అక్క ఏడాదిన్నర తరువాత ఒక ఆదివారం బల్లారాధనలో, మూడో చరణం దగ్గర, మా పక్కన కూర్చుని మెల్లగా గొంతు కలిపింది. ఆమె ఏడుస్తూనే పాడింది.

లూకా 15లో ఇల్లు విడిచి వెళ్లినవాడి అన్న, ఆ పెద్ద కొడుకు, చివరికి లోపలికి వెళ్లాడా?

కిందటి ఏడాది ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. ఆమెకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

పొలం నుంచి వస్తున్నాడు. రోజంతా పనిచేసిన ఒళ్లు. ఇంటి దగ్గరకు రాగానే వాద్యాల చప్పుడు, నాట్యం. దాసుణ్ణి పిలిచి సంగతి అడిగాడు. తమ్ముడు వచ్చాడని, కొవ్విన దూడను వధించారని విని కోపంతో బయటే నిలబడిపోయాడు. ఇన్నేళ్లు సేవ చేశాను, నా స్నేహితులతో సంతోషపడడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రితో అన్నాడు. అతడు అడిగింది కూడా సంతోషమే. తండ్రి ఇంట్లో ఉన్నన్నాళ్లూ కూలి లెక్కపెట్టుకున్నాడు కాబట్టి అది అతనికి అందలేదు.

తండ్రి విందు మధ్యలో లేచి బయటికి వచ్చాడు. చిన్నవాడి కోసం పరుగెత్తినట్టే పెద్దవాడి కోసం కూడా వచ్చాడు. "మనము సంతోషపడి ఆనందించుట యుక్తమే" అని బతిమాలాడు. కథ అక్కడ ఆగిపోతుంది. వెళ్లాడో లేదో లూకా రాయలేదు. లోపల వాద్యాలు మోగుతున్నాయి, తండ్రి ఇంకా బయటే పెద్దవాడి పక్కన నిలబడి ఉన్నాడు.